మునెప్ప బొటనవేలు, మూడు ఆస్పత్రులు

మూడు ఊళ్లలోని రోగులందరికీ ఒకే క్షణంలో జబ్బు నయం చేసిన ఘనత నాది. మదనపల్లె, పుంగనూరు, కుప్పం, ఏ ఒక్కచోటా ఒక్కరినీ వదల్లేదు. మందూ మాకూ అక్కర్లేకపోయింది. అయితే ఈ ఘనకార్యాన్ని మా వైపు జనం ఇప్పటికీ వాచ్‌మన్ మునెప్ప ఖాతాలో వేసి, టీ అంగళ్ల దగ్గర అతన్ని ఏడిపిస్తున్నారు. అది అన్యాయం. అందుకే అసలు సంగతి రాస్తున్నాను. నవ్వండి, వద్దనను. కాకపోతే నవ్వాల్సింది నన్ను చూసి.

అప్పుడు నేను మదనపల్లెలో ఒక ప్రైవేటు ఆస్పత్రికి కంప్యూటర్ల ఇన్‌ఛార్జిని. పుంగనూరులోనూ కుప్పంలోనూ దానికి బ్రాంచీలుండేవి. బెంగళూరులో ఏదో శిక్షణ తరగతికి పంపితే, పెళ్లి కుదిరినవాడిలా వెలిగిపోతూ తిరిగొచ్చాను. అక్కడ నేర్చుకున్నది ఇదీ: కంప్యూటర్లో అందరికీ అన్నీ తెరిచిపెట్టకూడదు. ఎవరి ఉద్యోగానికి ఏ పని అవసరమో వాళ్లకు ఆ పనికే అనుమతి ఇవ్వాలి. నర్సుకు నర్సు తాళాలు, మందుల షాపువాడికి మందుల తాళాలు. ఎంత చక్కటి ఆలోచన. ఇప్పటికీ చక్కటిదే. దాన్ని నా చేతుల్లో పెట్టడమే జరిగిన పొరపాటు.

మరి ఎవరి పని ఏమిటో తెలిసేదెలా? బుద్ధి ఉన్నవాడైతే ఒక పూట వార్డులో స్టూలు వేసుకుని కూర్చుని చూస్తాడు. నేను ఏసీ గదిలో కూర్చుని ఒక్కొక్కరినీ పిలిచి అడిగాను. మన వైపు మనిషిని ఎదురుగా నిలబెట్టి "నువ్వేం పని చేస్తావు" అని అడిగితే ఏం చెబుతాడో మీకు తెలియనిది కాదు. నాకే తెలియలేదు.

మొదట ప్రసూతి వార్డు హెడ్ నర్సు దయామణి సిస్టర్ వచ్చింది.

"సిస్టర్, మీ పని ఏమిటి?"

"నాదేముంది సార్. అంతా ప్రభువు చేయిస్తాండాడు."

"డిశ్చార్జి ఎవరు చేస్తారు?"

"డాక్టరమ్మ చెప్తాది, దేవుని కృపతో అయిపోతాది. నేను పక్కన నిలబడుకోనుంటా, అంతే."

నేను గంభీరంగా టైపు చేశాను: దయామణి, పక్కన నిలబడుట. ప్రభువుకు మా దగ్గర లాగిన్ లేదు కాబట్టి ఆయన చేయించే పనులు ఎవరి పేరునా రాయలేదు. డాక్టరమ్మను అడిగితే "ఆ కంప్యూటర్ గోల నాకొద్దప్పా" అని గుమ్మంలోంచే వెళ్లిపోయింది. సరే, వద్దన్నవారికి ఇవ్వడమెందుకని ఆమెకూ ఇవ్వలేదు.

తర్వాత వచ్చాడు మునెప్ప. మీసం సవరించుకుని మరీ వచ్చాడు.

"మునెప్పా, నీ పనేమిటి?"

"నా పనా? ఈ ఆస్పత్రి నిలబడుకోనుండేదే నా మీద సార్. మదనపల్లె, పుంగనూరు, కుప్పం, మూడూ నేనే సూసుకుంటాండా. నేను ఊ అనకుండా ఒక్క రోగిని గడప దాటమను, సూస్తాం."

"అయితే డిశ్చార్జి కూడా నువ్వేనా?"

"ఇంకెవురు?"

ఇంతమందిలో సూటిగా జవాబు చెప్పినవాడు దొరికాడని పొంగిపోయాను. మూడు ఆస్పత్రుల డిశ్చార్జి అనుమతినీ మునెప్ప వేలిముద్రకు కట్టబెట్టాను. అంతటితో ఆగానా? ఈ ఏర్పాటును నేను కూడా మార్చకూడదని, పుంగనూరు, కుప్పం పెద్ద డాక్టర్లిద్దరూ ఒప్పుకుంటేనే మార్పు అని బిగించాను. పసిపిల్లల భద్రత కోసం ప్రసూతి వార్డు తలుపును కంప్యూటరుకు కలిపాను. పుట్టిన ప్రతి బిడ్డ కాలికీ, డిశ్చార్జి అయ్యేదాకా ఊడని ఒక కంప్యూటర్ పట్టీ. డిశ్చార్జి కాని బిడ్డ దగ్గరికొస్తే తలుపు బిగుసుకుంటుంది. నా తెలివికి నాకే దిష్టి తగులుతుందేమోనని భయమేసింది.

కొత్త ఏర్పాటు మొదలైంది ఒక శుక్రవారం. పొద్దున్నే వార్డు నుంచి పిలుపు. వెళ్లేసరికి బి.కొత్తకోట రెడ్డెమ్మ మనవణ్ని గుడ్డలో చుట్టుకుని తలుపు ముందు నిలబడి ఉంది. వెనక బాలింత కూతురు, చేతిలో ఫ్లాస్కు.

"సార్, పదిన్నరకు రాహుకాలం. ఆలోపల బిడ్డ ఈ వాకిలి దాటల్ల."

"దాటకపోతే?"

"మధ్యాన్నం అమాస పడతాది. ఆపైన శనివారం. బిడ్డను ఇంటికి తీస్కపోయే దినాలా అవి? ఎన్ని కానుపులు పోయినాక ఈడు దక్కినాడో మాకు తెల్సు సార్."

అంతవరకు నవ్వుతున్నవాణ్ని మొహం సర్దుకున్నాను. "సిస్టర్, వేలు పెట్టండి" అన్నాను. ఆమె పెట్టింది. అనుమతి లేదు అంది కంప్యూటరు.

"నేను పక్కన నిలబడుకోవచ్చంట సార్. అంతవరకే ఉండాది నాకు."

"డాక్టరమ్మ?"

"ఆమెదీ పెట్టి సూసినాము. కంప్యూటరు మునెప్పను పిలవమంటాండాది."

"పిలవండి మరి."

"యాడ పిల్సేది? తెల్లారే ఆక్సిజన్ సిలిండర్ల వ్యానెక్కి కుప్పం పోయినాడు."

అనుమతి మార్పిద్దామని పుంగనూరు డాక్టరుకు ఫోన్ చేస్తే ఆయన ఆపరేషన్ థియేటర్లో ఉన్నారన్నారు. గడియారం ముల్లు పదింటిని దాటి దూకుతోంది. కుప్పానికి ఫోన్ చేశాను.

"మునెప్పా, వెంటనే అక్కడి కంప్యూటర్ ముందు కూర్చో. వేలు పెట్టు."

"నా ఏలెందుకు సార్?"

"డిశ్చార్జి నువ్వే చేస్తానన్నావు కదా."

"మాటవరసకి అన్నా సార్. మీరు రాసేసుకున్నారా?"

రెడ్డెమ్మ నా చేతిలో ఫోను లాక్కుంది. "ఏమప్పా, పెద్ద డాక్టరు నువ్వేనా?"

"కాదమ్మా, నేను గేటుకాడ... సరే, బిడ్డ పాలు తాగతాండాడా?"

"తాగతాండాడు."

"కామెర్లు?"

"లేవప్పా."

"వీడియోలో సూపించు. నా ఏలుతో పంపిస్తాండేది, సూడకుండా యట్ల పంపేది?"

సిస్టర్ వీడియోలో బిడ్డను చూపించింది. మునెప్ప కళ్లు చూశాడు, అరికాళ్లు చూశాడు, ఒకసారి ఏడిపించమన్నాడు. నేను ఏడుస్తున్నాను కదా, సరిపోదా అనిపించింది.

"సార్, పేర్లు శానా వస్తాండాయి. పైన ఒక పెట్టె ఉండాది. టిక్కు పెట్టల్లా?"

"పెట్టు."

"అందురినీనా అని అడగతాండాది."

"ఏదడిగినా అవునను మునెప్పా. ముందు నొక్కు."

నొక్కాడు. తలుపు తెరుచుకుంది. రెడ్డెమ్మ కుడికాలు బయటపెట్టి, బిడ్డతో, కూతురితో గడప దాటింది. పదిన్నరకు ఇంకా వ్యవధి ఉంది. ఆనందంతో నేను గాల్లో తేలుతుండగా వార్డులోని ఫోన్లన్నీ ఒక్కసారిగా మోగాయి. అన్నింట్లో ఒకటే మెసేజి: 'మీరు పూర్తిగా కోలుకున్నారు. క్షేమంగా ఇంటికి వెళ్లండి.'

నొప్పులు పడుతున్న ఒకామె ఫోను చూసుకుని "నేను ఇంకా కననే లేదు గదమ్మా" అంది సిస్టరుతో. పుంగనూరులో కాలు తాడుకు వేలాడదీసి పడుకోబెట్టిన పెద్దమనిషి ఆటోను పిలిపించుకున్నాడట. కుప్పంలో జనం సెలైన్ సీసాలు చేత్తో ఎత్తిపట్టుకుని గేటు దగ్గర వరుస కట్టారట. ఇంతలో పై అంతస్తు నుంచి ఆస్పత్రి ఛైర్మన్ ఫోను.

"ఏమప్పా, మధ్యాన్నం నాకు మోకాలి ఆపరేషన్ గదా. సేయకముందే బాగైపోయిందంట. ఎవురు సెప్పింది?"

"మునెప్ప నొక్కినాడు సార్" అన్నాను.

ఆ ఒక్క మాట ఇన్నేళ్లుగా అతని మెడకు చుట్టుకుని ఉంది. నొక్కింది అతనే, నిజం. ఆ హక్కిచ్చిందీ, అడిగినదానికల్లా అవునను అన్నదీ నేను. పైగా ఆ రోజు బిడ్డను చూశాకే పంపుతానని పట్టుబట్టినవాడు అతనొక్కడే.

కాబట్టి ఇందుమూలంగా ప్రమాణం చేస్తున్నాను. ఎవరి పనినీ నా కళ్లతో చూడకుండా వాళ్ల చేతికి ఒక్క తాళం ఇవ్వను, ఒక్కటి లాక్కోను. ఈ మాట తప్పితే, నేను ఏ ఆస్పత్రిలో చేరినా సరే, నన్ను ఇంటికి పంపే అనుమతి గల మనిషి ఎప్పుడూ వేరే ఊళ్లో ఉండుగాక.