ఎలుగు బంటుకి సూపు

నేను ఆరో తరగతిలో బడి మానేశాను. కాదు, బడే నన్ను మానేసిందని మా మేనమావ అనేవాడు. ఎవరు ఎవర్ని మానేసినా ఇద్దరమూ సుఖపడ్డాం. అక్షరాలంటే నాకు పగేమీ లేదు. కాకపోతే ఒక్కోటీ మూరెడు పొడుగుండాలి, చేతిలో రంగు డబ్బా ఉండాలి. అరవైలు అయిపోవస్తున్న ఆ రోజుల్లో పలాస బజారులో జీడిపప్పు కొట్ల బోర్డులు చాలామటుకు మావా నేనూ రాసినవే. ఒక షావుకారు బోర్డు మూల జీడిపప్పు బొమ్మ వెయ్యమంటే వేశాను. బాగుందన్నాడు. ఆయన పెళ్ళాం వచ్చి చూసి, "మీ ముక్కెందుకు ఏయించినారండీ బోర్డు మీద?" అంది.

బోర్డులు కడుపు కోసం. మావ అసలు విద్య చెక్కబొమ్మలకి రంగులు వెయ్యడం. చింతపిక్కల జిగురులో రంగు కలపడం, ఉడుత తోక వెంట్రుకలతో కుంచె కట్టడం ఆయన దగ్గరే నేర్చుకున్నాను. బొమ్మకి కంటిపాప దిద్దడాన్ని మావ 'సూపు పెట్టడం' అనేవాడు. అది అన్నిటికన్నా ఆఖరి పని. బొమ్మని ఎదురుగా పెట్టుకుని దిద్దకూడదు. దాని ముందు చిన్న అద్దం నిలబెట్టి, వెనకనుంచి చెయ్యి చాపి, అద్దంలో చూసుకుంటూ చుక్క పెట్టాలి.

"బొమ్మ తొలిసూపు దాని మొకం మీదే పడాల. మనిసి మీద పడిందా, ఆ మనిసిని ఇంక ఒగ్గదు, అంటిపెట్టుకునే ఉంటాది" అనేవాడు.

ఇంకో అలవాటు కూడా ఉండేది. ఎన్ని బొమ్మలు చేసినా, అందులో ఒకదానికి సూపు పెట్టకుండా వదిలేసేవాడు.

"ఏం మావా, రంగు మిగల్చడానికా?" అన్నానొకసారి.

"సూపు పుట్టదురా. ఒకకాడి నుంచి ఇంకోకాడికి మారతాది, అంతే. కుండలో బియ్యం అంతా ఊడ్సీకుండా అడుగున గుప్పెడు ఉంచుతాం కాదేటి? ఇదీ అంతే."

నేను నవ్వాను. అప్పట్లో నాకు అన్నిటికీ నవ్వే వచ్చేది.

ఆ వేసవిలో మూలపేట వైపు నుంచి మావకి కబురొచ్చింది. సముద్రం ఒడ్డున తోటలున్న ఒక పెద్దాయన చదరంగం పావులకి రంగులు వేయించాలట. మావ చేతికి అప్పటికే వణుకు పట్టుకుంది. "గుర్రానికి సూపు పెడితే చెవిలో పడతంది, నువ్వెల్లు" అని అద్దం నా చేతిలో పెట్టాడు.

టెక్కలి దాకా బస్సు, అక్కణ్ణించి ఎడ్లబండి. ఉప్పుమళ్ళు దాటి తోటల్లోకి దిగేసరికి మిట్టమధ్యాహ్నం. ఆకాశంలో మబ్బు తునక లేదు, నెత్తిమీద మాత్రం వాన కురుస్తున్న చప్పుడు. కొబ్బరాకులు. అలవాటు లేనివాడైతే గొడుగు విప్పుతాడు. నేను విప్పలేదు, నాకు గొడుగు లేదు. కానీ ఎండలో నిలబడి, ఒంటిమీద చుక్క పడకుండా వాన వింటుంటే చేతుల మీద రోమాలు లేచాయి.

ఇల్లు తోట నడుమ ఉంది. చుట్టుపక్కల అందరూ పెద్దాయన్ని బాబు అంటారు, నేనూ బాబనే అన్నాను. అరుగు మీద కూర్చుని, నేను ఎదురుగా నిలబడినా కాసేపు నన్ను వెతుక్కున్నాడు. చూపు నా భుజం మీద ఆగి, మెడ మీదుగా పాకి, మొహానికి చేరింది.

"కళ్ళకి నీటికాసులురా. తాటాకు గొట్టంలోంచి సూసినట్టుంటాది. ఆ గొట్టం సన్నబడిపోతంది. విశాఖపట్నం డాక్టరు సూసి, పోయింది రాదు, ఉన్నది ఉండదు అన్నాడు. అందుకే నిన్ను పిలిపించినాను. నా కళ్ళు మూసుకుపోయేలోగా వీటికి కళ్ళు రావాల. రెండు సైన్యాలూ ఎదురెదురుగా నిలబడి ఒకదాన్నొకటి గుడ్లురిమి సూసుకోవాల. అది నాను సూడాల. సూసి మా బావని ఓడించాల."

ఆయన చూపించిన పావుల్లాంటివి నేనెక్కడా చూడలేదు. తుఫానుకి కూలిన పనసచెట్టు కర్రతో, తన మనసులో ఉన్నట్టల్లా వడ్రంగి చేత చెక్కించుకున్నాడు. ఒకటి సముద్రం సైన్యం. చేప తలల మనుషులు, సొరచేప మీదెక్కిన రౌతులు, కత్తులు పట్టిన పీతలు బంట్లు. రెండోది తోట సైన్యం. ఒళ్ళంతా పనసకాయ ముళ్ళున్న రాజు, గుడ్లగూబ మంత్రి. బంట్లేమో బొటనవేలంత ఎలుగుబంట్లు. రెండు కాళ్ళ మీద నిలబడి బల్లేలు పట్టుకుని ఉన్నాయి.

"ఎలుగు, బంటు. రెండూ ఒకటే కాదేట్రా!" అని ఆయన తొడ చరుచుకుని నవ్వాడు. ఉద్దానంలో పనసపళ్ళ కాలం వస్తే ఎలుగులు తోటల్లోకి దిగుతాయి. వాటిని చూసి పరిగెత్తని వాడు లేడు, వాటిని బంట్లుగా పెట్టుకున్నవాడు ఈయనొక్కడే.

ఆ ఇంట్లోనే మకాం పెట్టి పనిలో దిగాను. పీతలకి ఎర్రటి ఇంగిలీకం, చేపతలలకి నీలిమందు, ఎలుగులకి దీపం మసి. ఎలుగు రొమ్ము మీద తెల్లటి నెలవంక. కళ్ళ దగ్గర తెల్లచుక్క పెట్టి వదిలేసేవాణ్ణి. అలా తెల్లకళ్ళతో చేటలో ఆరబెట్టినప్పుడు అవి ఎటు చూస్తున్నాయో తెలిసేది కాదు. ఎటూ చూడనివి అన్నివైపులా చూస్తున్నట్టే ఉండేవి. నేను భోజనానికి లేస్తే చేట మీద తడిగుడ్డ కప్పేవాణ్ణి. రంగు పాడవుతుందని చెప్పేవాణ్ణి గాని, రంగుకి తడిగుడ్డే చేటు.

ఆదివారాలు హరిశ్చంద్రపురం నుంచి పెద్దాయన బావగారు ఆటకి వచ్చేవాడు. రిటైరైన మాస్టారు. మొదటిసారి నన్ను చూడగానే "ఎంతవరకు చదివావు?" అన్నాడు. "ఆరుదాకా వచ్చాక, చదువు ముందుకెళ్ళిపోయిందండి, నేను ఆగాను" అన్నాను. ఆయన చేటలో పావుల్ని చూసి పెద్దాయన్ని వేళాకోళం పట్టాడు.

"బాగుంది బావా! గుడ్డి సైన్యం. దానికి సేనాపతి అంతకన్నా..." అని ఠక్కున ఆగిపోయాడు.

"ఆగిపోనావేటి బావా? పూర్తి సెయ్యి. సూపు లేకపోయినా నిన్ను ఓడించడానికి ముక్కు సాలు. నువ్వు పొడుం పీల్సే ఏపు నీ మంత్రి ఉంటాడు."

ఇద్దరూ నవ్వారు. లోపలున్న ఆవిడ మాత్రం నవ్వలేదు. పెద్దాయన భార్య, మాస్టారి చెల్లెలు. నేను అమ్మా అనేవాణ్ణి.

మర్నాడు సముద్రం సైన్యానికి సూపు పెట్టాను. అద్దం నిలబెట్టి, వెనకనుంచి, ఆవగింజంత నల్లచుక్క. ఒక్కో పావూ అద్దంలో తనని తాను చూసుకుని ఉలిక్కిపడినట్టయ్యేది. అన్నీ ముగిసి తలెత్తేసరికి పెద్దాయన అరుగు చివర నిలబడి ఉన్నాడు. ఎండ నిలువునా కాస్తోంది.

"మబ్బేసిందేట్రా?" అన్నాడు.

నెత్తిమీద కొబ్బరాకుల వాన. నేను లేదనలేదు. "ఏసినట్టే ఉంది బాబూ" అన్నాను.

తర్వాత గుడ్లగూబ మంత్రికీ, ముళ్ళ రాజుకీ, ఎలుగుల్లో కొన్నింటికీ పెట్టాను. ఆ పూట ఆయన మజ్జిగ గ్లాసుని గాలిలో వెతికాడు. ఆవిడ గ్లాసు ఆయన చేతికిచ్చి, నా దగ్గరికొచ్చి గొంతు తగ్గించింది.

"బాబూ, నువ్వు వాటికి కళ్ళు దిద్దిన రోజల్లా ఈయన గడప తడుముకుంటన్నారు. దిద్దని రోజు బాగానే నడుస్తన్నారు. నాకు బయమేస్తంది."

"అమ్మా, అంత మహిమే ఉంటే నేను బోర్డులెందుకు రాస్తాను? డాక్టరు ముందే చెప్పాడు కదా" అన్నాను. నవ్వుదామని చూశాను. మావ కుండ అడుగు బియ్యం గుర్తొచ్చి నవ్వు రాలేదు.

చివరికి ఒక్క ఎలుగు బంటు మిగిలింది. ఆవిడ మళ్ళీ వచ్చింది. "ఆ ఒక్కదానికీ పెట్టకు నాయనా. ఆయన ఇంకా నా బొట్టు సూసి నన్ను పోల్సుకుంటన్నారు. అదైనా ఉండనీ."

ఆవిడ అటెళ్ళగానే పెద్దాయన. "ఏటి, మా ఆవిడ ఒగ్గీమందా? సూపు పోయినా నా సెవులు పోలేదు. ఒక కాయ తక్కువైతే అది సైన్యం కాదురా. పెట్టు."

ఒక కొమ్మకి ఇద్దరు యజమానులు. నరికితే ఆవిడకి కోపం, నరక్కపోతే ఆయనకి. నేను అద్దం తీసి సంచీలో పెట్టేశాను. ఎలుగు తెల్లకళ్ళ మీద కుంచెతో రెండు వంపు గీతలు లాగాను. మూసుకున్న రెప్పలు. తెచ్చి ఆయన చేతిలో పెట్టాను. చూపుడువేలితో దాని మొహం తడిమాడు. రంగు ఉబ్బు వేలికి తెలుస్తుంది.

"ఇదేట్రా, పాపలేవి?"

"నిద్దరోతంది బాబూ. పనసపండు ఎక్కువ తినేసింది. దాని అవసరం పడితే అదే లేత్తాది."

ఆయన ఇల్లదిరిపోయేలా నవ్వాడు. ఆవిడ తలుపు వెనక కళ్ళొత్తుకుంది. నేను పలాస వెళ్ళిపోయి మావకి చెప్తే, "నాకన్నా నువ్వే నయంరా" అన్నాడు. జన్మలో ఆయన నన్ను మెచ్చుకున్నది అదొక్కసారే.

వానలు పడ్డాక, టెక్కలిలో ఒక బట్టల కొట్టు బోర్డు రాస్తుంటే నిచ్చెన కింద ఎవరో దగ్గారు. మాస్టారు. నిచ్చెన దిగగానే అడిగాను, ఆట ఎలా జరుగుతోందని. ఆయన పొడుం డబ్బా తీసి, తెరవకుండానే మళ్ళీ జేబులో పెట్టుకున్నాడు.

"పోయిన ఆదివారం బావ గెలిచాడోయ్. ఆ మిగిలిన కాస్త చూపుతోనే. నా రాజు మూలలో ఇరుక్కున్నాడు. నీ నిద్ర ఎలుగు ఒక్క గడి జరిగితే ఆట కట్టు. నేను ఊరికే ఉండొచ్చుగా. నిద్రపోతున్న బంటుని నడపకూడదు బావా, అన్నాను. వేళాకోళమేనోయ్! బావ ఊఁ అనలేదు, ఆఁ అనలేదు. లేచి గోడ పట్టుకుని వెళ్ళి, మా చెల్లెలి కాటుక భరిణె తెచ్చుకున్నాడు. చీపురుపుల్ల కాటుకలో ముంచి, ఎలుగుని తన మొహానికి ఎదురుగా పట్టుకుని, తడుముకుంటూ రెండు చుక్కలు పెట్టాడు. మా చెల్లెలు వద్దు వద్దంటూనే ఉంది. ఇప్పుడు లేచింది కదా బావా, అని గడి జరిపాడు. ఆట కట్టు."

"తర్వాతో?"

"తర్వాత ఏముంది. దీపం పెట్టలేదేమే అన్నాడు. అప్పటికి ఇంకా పొద్దుంది."

అద్దం లేకుండా. ఎదురుగా. నా చేతిలో కుంచె నేలమీద రంగు కారుస్తోంది. ఎలుగు తొలిసూపు పెద్దాయన మీదే పడింది.

బోర్డు ఆరేలోగా మూలపేట బండెక్కాను. పెద్దాయన్ని చూడాలనిపించింది. తోట మొదట్లో చెప్పులు విప్పి చేత్తో పట్టుకున్నాను, తడి ఇసకలో చప్పుడవకుండా. ఎందుకలా చేశానంటే చెప్పలేను. ఆయనకి తెలియకుండా ఆయన్ని ఒకసారి చూసి, ఆవిడతో రెండు మాటలు మాట్లాడి వచ్చేద్దామని కావచ్చు.

పెద్దాయన లోపల మంచం మీద గోడవైపు తిరిగి కూర్చుని ఉన్నాడు. వీపు నావైపు. కిటికీ గూట్లో ఎలుగు బంటు బయటికి చూస్తూ నిలబడి ఉంది. కాటుక చుక్కలు కాస్త వంకరగా ఉన్నాయి, ఒకటి పెద్దది, ఒకటి చిన్నది.

నేను ఇంకా వాకిట్లోనే ఉన్నాను. ఊపిరి కూడా మెల్లగానే తీస్తున్నాను.

"ఏట్రా, సెప్పులు సేత్తో పట్టుకుని దొంగలాగ వత్తన్నావు?" అన్నాడు పెద్దాయన, గోడవైపు నుంచి కదలకుండా. "సొక్కా నిండా ఆ ఆకుపచ్చ రంగేటి?"

టెక్కలి బోర్డు ఆకుపచ్చది.

చెప్పులు కింద పెట్టేశాను. ఆవిడ వంటింట్లోంచి వచ్చింది. భయపడుతుందనుకున్నాను. ఆవిడ నావైపు చూసి, చిన్నగా తల ఊపి, కిటికీ దగ్గరికెళ్ళింది. రెండు వేళ్ళతో ఎలుగుని పట్టుకుని గదిలోకి తిప్పింది. పైట సర్దుకుని, దాని ఎదురుగా కిందకి వంగి నిలబడింది. మొహం మీద పొద్దుటి బొట్టు చెమటకి కాస్త జారింది.

గోడవైపు తిరిగి ఉన్న పెద్దాయన వెంటనే అన్నాడు.

"బొట్టు సెదిరిందే. దిద్దుకో."

ఆవిడ దిద్దుకుంది. అద్దం చూసుకోలేదు.

అన్నం తిని వెళ్ళమని ఆవిడ అన్నా నేను ఆగలేదు. వాకిలి దాటి, తోట దారి మలుపు తిరిగేదాకా వెనక్కి వెనక్కే నడిచాను. ఎలుగు గదిలోకి తిరిగి ఉన్నా, కిటికీకి వీపు చూపించడానికి ధైర్యం చాలలేదు. మా మావైతే దానికి ఎదురుగా కూడా ఉండొద్దనేవాడు. నెత్తిమీద వాన చప్పుడు. ఆ రోజు అది కొబ్బరాకులో, నిజం వానో, ఇంటికెళ్ళి చొక్కా విప్పి చూసుకునేదాకా నాకు తెలియలేదు. పొడిగానే ఉంది.