అత్తమ్మ కాపాడిన మట్టిగూడు

అప్పుడు నాకు ఏడో నెల. అంతకుముందు ఒకటి ఆరో నెలలోనే పోయింది. అందుకే లక్సెట్టిపేటలోని మా ఇంట్లో నేను తుమ్మినా అందరూ ఉలిక్కిపడేవారు. బిడ్డ కదలికలు గమనించుకుంటూ ఉండమని డాక్టరమ్మ మరీ మరీ చెప్పింది.

ఆ రోజుల్లోనే వంటింటి కిటికీ పైన ఒక పురుగు మట్టిగూడు కట్టింది. ఇంట్లో కుమ్మరి పురుగు గూడు పెడితే కడుపు నిలబడుతుందని మా అత్తమ్మ నమ్మకం. సున్నం వేయడానికి వచ్చినవాళ్లను ఆ మూలకు పోనివ్వలేదు. "గోడ నల్లగుంటే ఉండనియ్యి. గూడు మీద చెయ్యి పెట్టినవనుకో, చూడు మల్ల!" అని గదిమింది. గోడలన్నీ తెల్లబడ్డాక అక్కడ మాత్రం మురికి మచ్చ మిగిలింది. చదువుకున్నదాన్ని, నాకు ఒళ్లు మండింది. అయినా నోరు మూసుకున్నాను. ఆ నమ్మకం నాకూ కావాల్సి వచ్చింది మరి.

ఒకనాడు పొద్దున్నుంచీ ఆ గూటి కిందే కూర్చున్నాను. వేరే సంగతేదీ తలచుకోవడానికి ధైర్యం లేక.

బడిలో జీవశాస్త్రం చెప్పేదాన్ని, సెలవులో ఉన్నా బుద్ధి ఊరుకోదు కదా! మామూలు కుమ్మరి పురుగైతే గూటిలోని ఒక్కో గదిలో చిన్న చిన్న సాలెపురుగులను బోలెడు కుక్కుతుంది. ఇది ఒక్కదాన్నే, తనకంటే పెద్దదాన్ని, వెనక్కి నడుస్తూ గోడ మీదికి ఈడ్చుకొస్తోంది. దాని కాళ్లు కొన్ని కొరికేసి ఉన్నాయి. ఫోన్‌తో ఫోటో తీసి పెద్దది చేసి చూశాను. కింది వరుసలో నాలుగు చిన్న కళ్లు, వాటిపైన రెండు పెద్దవి, ఇంకా వెనక రెండు. వల అల్లకుండా నేల మీద ఉరికి వేటాడే తోడేలు సాలెపురుగు. ఈడ్చేది కుమ్మరి పురుగు కాదు, గదికొక్క పెద్ద సాలెపురుగునే పట్టే వేరే రకం కందిరీగ. గుర్తుపట్టానని కాసేపు సంబరపడ్డాను. ఆ తర్వాతే మిగతాది గుర్తొచ్చింది. సాలెపురుగును చంపకుండా, కదలలేకుండా కుట్టి, దాని మీద ఒక గుడ్డు పెట్టి కందిరీగ గది మూసేస్తుంది. గుడ్డులోంచి వచ్చిన పిల్ల దాన్ని బతికుండగానే తింటుంది.

అత్తమ్మ వెనకే నిలబడి ఉంది.

"ఏం తెచ్చింది బిడ్డా?"

"సాలెపురుగు, అత్తమ్మా."

"సచ్చిందా?"

"సావలే. పానం ఉన్నది. కదల్తలేదు, గంతే."

ఆమె నా దగ్గరికొచ్చింది. తడి చెయ్యి కొంగుకు తుడుచుకుని నా కడుపు మీద పెట్టింది. చాలాసేపు తీయలేదు.

"నీ కడుపుల బిడ్డ కదుల్తున్నదా?"

"నిన్న మాపటి సంది లేదు, అత్తమ్మా" అని బోరుమన్నాను.