చిన్నమ్మ ముఖానికి కట్టుకున్న గుడ్డ

మొన్న తార్నాకలో మందుల దుకాణం ముందు నిలబడి, మెడిసిన్ చదువుతున్న మా మనవరాలు ముఖానికి ఎండ క్రీము కొనుక్కుంటూ, ఎండ పడని జబ్బున్న పేద రోగులు ఎండ నుంచి తమను కాపాడుకోకపోవడానికి కారణం అవగాహన లేకపోవడమేనని తన క్లాసులో విన్న పాఠం నాకు అప్పజెప్పింది. పిల్ల తప్పు లేదని తెలిసినా నాకు కోపం నషాళానికంటింది.

అవగాహనట! మా చిన్నమ్మకు, అంటే మా అమ్మ చెల్లెలికి, తన జబ్బు గురించి తెలిసినంత ఇంకెవరికి తెలుసు? అరవై తొమ్మిదిలో, ప్రత్యేక తెలంగాణ ఉద్యమం జోరుమీద ఉన్నప్పుడు, నేను వారాసిగూడలో వాళ్ళింట్లో ఉండి చదువుకునేదాన్ని, ఆమె యూనివర్సిటీ తోటల్లో కూలికి గడ్డి పీకేది. కాస్త ఎండ తగిలితే చాలు, చెంపలు రెండూ ఎర్రగా కందిపోయి, సాయంత్రానికి జ్వరమూ కీళ్ళనొప్పులూ వచ్చేవి. ఆసుపత్రి డాక్టరు తల ఎత్తకుండానే, ఎండలో తిరగొద్దు, గొడుగు వేసుకో అనేవాడు. ఒక చేత్తో గొడుగు పట్టుకుని గడ్డి ఎలా పీకాలో ఆయన చెప్పలేదు, పైగా గొడుగు వేసుకున్న కూలిమనిషిని మేస్త్రీ ఒక్క పూటైనా ఉంచుతాడా? అందుకని చిన్నమ్మే ఆలోచించి, చిన్నాయన పాత ధోవతి చింపి, కళ్ళు తప్ప ముఖమంతా చుట్టుకుని పనికి పోవడం మొదలుపెట్టింది. నెల తిరిగేసరికి ఎరుపు తగ్గి, జ్వరాలు ఆగి, ఆమె మళ్ళీ మాతో పరాచికాలాడే మనిషయింది.

ఆ ఎండాకాలంలోనే, బాష్పవాయువుకు తట్టుకోలేక విద్యార్థులు ముఖాలకు తడి తువ్వాళ్ళు కట్టుకోసాగారు, దాంతో యూనివర్సిటీ గేటు దగ్గర గుడారాలు వేసుకున్న పోలీసులకు ముఖం కప్పుకున్న ప్రతివాళ్ళూ రాళ్ళు రువ్వేవాళ్ళలాగే కనబడ్డారు. చంకలో సద్దిగిన్నెతో వస్తున్న నలభయ్యేళ్ళ ఆడమనిషిని ఆపేశారు. కాలేజీలు మూతపడి ఖాళీగా ఉన్న నేను తోడు వెళ్ళి, జబ్బు సంగతి ఎంత మొత్తుకున్నా వాళ్ళు వినలేదు.

“ముసుగు తియ్యకుంటే లోపటికి పోనియ్యం” అన్నాడు హెడ్డు కానిస్టేబులు.

“రాళ్ళిసిరేదాన్ని కాదు సారూ, గడ్డి పీకేదాన్ని. ఎండ తాకితే మొఖమంత మండి జరమొస్తది” అన్నది చిన్నమ్మ.

వాడు లాఠీ కొసతో ఆ గుడ్డ లాగి పడేశాడు. లోపల కూడా పోలీసులే తిరుగుతున్నారు, మళ్ళీ కట్టుకునే వీల్లేదు, పనికి పోకపోతే మేస్త్రీ ఆ పని ఇంకొకరికి ఇచ్చేస్తాడు. ఆమె గుడ్డ దులిపి నా చేతిలో పెట్టి వెళ్ళిపోయింది.

ఆ వేసవంతా ఉత్త ముఖంతోనే పనిచేసింది. వానలు పడేసరికి ఆ జబ్బే ముదిరి, కాళ్ళు వాచి, మూత్రపిండాలు దెబ్బతిని మంచం పట్టింది. ఆసుపత్రిలో ఆ డాక్టరే, ఎండలో తిరగొద్దని ఎన్నిసార్లు చెప్పినా మీ మనిషి వినలేదని మా చిన్నాయనతో అన్నాడు. కొద్ది రోజులకే ఆమె పోయింది. ఆ మాట తలచుకుంటే ఈనాటికీ నా ఒళ్ళు మండుతుంది. వినకపోవడమేమిటి? విన్నది, దారి కూడా వెతుక్కున్నది, ఆ దారి మూసినవాళ్ళను మాత్రం ఎవరూ ఒక్క మాట అనలేదు.

ఇప్పుడు రాష్ట్రం వచ్చింది, ఆ పోలీసు గుడారాలు పోయాయి. స్కూటర్ల మీద ఆడపిల్లలు ముఖాలకు చున్నీలు చుట్టుకుని ఆ గేటులోంచే దర్జాగా వెళుతుంటే ఎవరూ ఆపరు. వాళ్ళను చూస్తే నాకు సంతోషమే, కానీ మా చిన్నమ్మ అడిగింది కూడా అంతకంటే ఎక్కువేమీ కాదు.