కోటయ్య బాబాయి వేసిన వెచ్చని నేల

బస్సు ములకలపల్లి దాటుతుంటే, పొగాకు బ్యారన్లలో మగ్గుతున్న ఆకు వాసన ఒక్కోసారి కిటికీలోంచి ముక్కుకు తగులుతుంది. అప్పుడు నాకు కోటయ్య బాబాయి గుర్తొస్తాడు. పచ్చాకును వేడితో ఆరబెట్టే ఆ గదులు కట్టడానికే ఆయన గుంటూరు వైపు నుంచి వచ్చి మా పక్కింట్లో ఉండిపోయాడు. చుట్టం కాదు గాని, బాబాయి అనే పిలిచేదాన్ని.

మా పెద్దమ్మాయి ఎనిమిదో నెలలోనే పుట్టింది, పుష్యమాసపు చలిలో. దవాఖానాలో వెచ్చగా ఉంచమని చెప్పి పంపారు. మా ఇంట్లో ఇరవై ఒకటో రోజు స్నానం అయ్యేదాకా బాలింత మంచమెక్కకూడదు; పిల్లతో నేల మీద చాపపైనే పడక. కుంపటి పెడితే పొగకు పిల్ల ఉక్కిరిబిక్కిరయ్యేది, తీసేస్తే కాళ్ళు చల్లబడేవి. మూడో రోజుకు పాలు తాగడం మానేసింది.

"పొగ బయటికి పోయి వేడి లోపలుంటే చాలు గదా. నేను రోజూ చేసే పనే," అన్నాడు బాబాయి. పొయ్యి బయట కట్టి, పాత ఇనుప గొట్టాన్ని లోపల గోడల అడుగున చుట్టూ తిప్పి, పొగను అవతలి గోడలోంచి బయటికి పంపాడు. నిలబడితే చెమట పట్టింది. తెల్లారి చూస్తే పిల్ల కాళ్ళు మళ్ళీ మంచు.

మా అత్త గడపలో నిలబడి, "ఏంది కోటయ్యా, చలి పెట్టేది పిల్లకా, మా ఇంటి కప్పుకా?" అంది.

బాబాయి నన్ను పిల్లను ఎత్తుకోమని, ఆ చాప మీద తనే పడుకుని చెంప నేలకు ఆనించాడు. చాలాసేపటికి లేచాడు.

"బ్యారన్‌లో ఆకు పైన వేలాడుద్దమ్మాయ్. చేతులు అలవాటు కొద్దీ పోయినయ్. ఆకుకు కట్టాను, పిల్లకు కట్టలా."

తాను కట్టింది తానే పీకేశాడు. నేను పిల్లను రొమ్ముకు హత్తుకుని వంటింట్లో కూర్చుంటే, ఆయన గది నేలలో కాలువ తవ్వి, గొట్టం పూడ్చి, పైన బండలు పరిచి మన్ను మెత్తాడు. మర్నాటి సాయంత్రం సన్నని మంట మీద నేల ఆరాక మళ్ళీ పడుకుని చూశాడు.

"ఇప్పుడు పిల్లను పడుకోబెట్టు."

కాసేపటికి పిల్ల ముడుచుకున్న కాళ్ళు చాపింది. దీపాలు పెట్టే వేళకు పాల కోసం నోరు తెరిచింది. మా అత్త ఆయనకు చాయ్ ఇస్తూ, "జల్దీ తాగు, చల్లారుద్ది," అంది. అంతకుమించి మెచ్చుకోలు ఆమె నోట నేనెన్నడూ వినలేదు.

నేను చదువుకున్నది తక్కువ. ఆయన నేలకు చెంప ఆనించిన తీరే నాకు పాఠమైంది. మొన్న మా కోడలు, పొయ్యి గట్టు ఎత్తుగా ఉండి భుజం నొప్పెడుతోందంది. నేను ముప్పై ఏళ్ళుగా వండుతున్న గట్టే. ఆ మాట నాలుక దాకా వచ్చింది. మింగేసి, మోకాళ్ళు వంచి ఆమె ఎత్తుకు దిగి గరిటె తిప్పి చూశాను. తర్వాత మేస్త్రీకి కబురు పంపాను.