ఎంత నడకకు అంత నూనె

ఆ కొట్లో ఆమెను పేరు పెట్టి పిలిచేవాళ్ళు లేరు. సన్నటి ముక్కున్న నూనె డబ్బా చేతిలో లేకుండా ఆమెను ఎవరూ చూసి ఎరగరు గనుక అందరికీ ఆమె నూనెబుడ్డి. ఆ పేరు పెట్టింది వదిన. నూనెబుడ్డి పెళ్ళయి రెండు వీధుల అవతల కాపురం ఉంటున్నా, పొద్దున భర్త పనికి వెళ్ళగానే తన అన్న నడిపే కుట్టు మిషన్ల రిపేరు కొట్టుకు వచ్చేస్తుంది. "ఎవరింట్లోనైనా ఆడపడుచు పెత్తనం పండక్కో పబ్బానికో ఉంటుంది. నాకు మాత్రం ఆదివారం ఒక్కటే సెలవు" అనేది వదిన కౌంటరు వెనక నుంచి. అంటూనే టీ గ్లాసు ఆమె వైపు జరిపేది.

ముందు గదిలో కౌంటరు, ఫోను, బాగై వెళ్ళాల్సిన మిషన్ల వరస. వెనక గదిలో పొడుగాటి బల్ల, దాని మీద ఎప్పుడూ పొట్ట విప్పుకుని పడుకున్న మిషన్ ఒకటి. నూనెబుడ్డి పని నేర్చుకున్నది ఆ బల్ల దగ్గరే. అన్న విప్పుతుంటే చూసింది, అన్న భోజనానికి వెళ్ళినప్పుడు తనూ విప్పింది, బిగించాక ఒక స్ప్రింగు మిగిలిపోతే తిట్లు తింది. కొట్టుకు వెబ్‌సైటు చెయ్యడం కూడా అలాగే అబ్బింది. ఒకటి కదిపితే ఇంకొకటి చెడేది, చెడినదాన్ని బాగుచేసే వేళకు రెండూ అర్థమయ్యేవి.

ఆ కొట్టుకు ఒక ఆనవాయితీ ఉంది. బాగైన మిషన్ ఏదీ ఉత్తినే గడప దాటదు. సూది దగ్గరి పాదం కింద చిన్న గుడ్డముక్క, ముక్క మీద ఒక వరస కుట్టు ఉండాలి. వచ్చినవాళ్ళకు మాటలు చెప్పక్కర్లేదు, ముక్కను ఇటూ అటూ తిప్పి చూసుకుంటారు. వెబ్‌సైటుకూ ఆమె ఆ పద్ధతే పెట్టుకుంది. బల్ల మీద పని జరగాలి, ముక్క కుట్టాలి, దాని ఫొటో తియ్యాలి, ఆ తరవాతే రాత. అందుకే అందులో పేజీలు వేళ్ళ మీద లెక్కపెట్టేటన్నే ఉండేవి. వాటిలో బాగా నడిచింది కింద దారం గూడు కట్టడం గురించి రాసిన పేజీ. గుడ్డ అడుగున దారం చిక్కుపడగానే అందరూ కింది దారం చుట్టిన బాబిన్‌ను తిడతారు. తప్పు చాలాసార్లు పై దారానిది. అది ఎక్కించాల్సిన దారిలో ఎక్కకపోతే వదులై, కిందికి దిగి గూడు కడుతుంది. ఈ సంగతి బొమ్మలతో సహా రాసి పెట్టింది. ఫోన్లో వెతికేవాళ్ళు ఆ పేజీ పట్టుకుని వచ్చేవాళ్ళు. సగం మంది అది చదివి ఇంట్లోనే సరిచేసుకునేవాళ్ళు, మిగతా సగం మిషన్ ఎత్తుకుని కొట్టుకు వచ్చేవాళ్ళు.

అలాంటిది ఆ ఏడు ఫోను మోగడం తగ్గింది. పెద్ద రోడ్డు మీద అద్దాల తలుపుల సర్వీసు సెంటరు ఒకటి తెరిచారు. సెర్చ్‌లో వాళ్ళే ముందు కనబడుతున్నారు. ఇంతలో బట్టల ఫ్యాక్టరీ సూపర్‌వైజరు వచ్చి, తమ మిషన్లు చూసుకునే ఉద్యోగం ఉంది, సీజను మొదలయ్యేలోగా ఏ సంగతీ చెప్పమని అన్నతో అన్నాడు. అన్న మాట నానబెట్టే మనిషి కాదు. అప్పటికి పని పుంజుకోకపోతే షట్టరు దించేసి అక్కడ చేరిపోతానని అందరి ముందూ చెప్పేశాడు. వెనక గదిలో ఆ బల్ల లేని రోజును నూనెబుడ్డి ఊహించుకోబోయింది, చాతకాలేదు.

వదిన తమ్ముడు కూరగాయల వ్యాపారి. మార్కెట్లో దుకాణం ఉంది, ఫోన్లో ఆర్డర్లు తీసుకునేందుకు ఒక వెబ్‌సైటూ ఉంది. రోజూ తెల్లవారగానే ఆ పూట ధరలు అందులో పెడతాడు, వెతికితే మొదటి వరసలో వస్తాడు. అతనికి విషయం తెలిసి, తప్పు ఎక్కడుందో కూర్చోకముందే చెప్పేశాడు. సైటు తాజాగా లేదు. రోజుకొకటి కొత్తది పెట్టకపోతే సెర్చ్ మొహం చూడదు. పైగా ఏళ్ళనాటి పేజీలా? నిన్నటి వంకాయ ఎవడు కొంటాడు?

అతని సైటు నడుస్తోంది, తమది నడవడం లేదు. ఆ మాట కాదనలేక నూనెబుడ్డి పాస్‌వర్డు చేతిలో పెట్టింది. అతను ఒళ్ళు దాచుకునే రకం కాదు. మార్కెట్ అయ్యాక వచ్చి రోజూ ఒక వ్యాసం ఎక్కించాడు. కుట్టు మిషన్ గొప్పతనం, దారాలలో రంగులు, సూదికి చెవి ఎందుకు అంటూ తోచిందల్లా రాశాడు. దుకాణం కట్టేముందు వాడిపోయిన కూరలు ఏరిపారేసే అలవాటు చొప్పున, చాలాకాలంగా మార్పు లేని పేజీలను కూడా తీసేశాడు. ఆ సంగతి ఎవరికీ ప్రత్యేకంగా చెప్పలేదు. చెత్త తీసి చెప్పుకునేవాడెవడు?

ఫోను పుంజుకోలేదు సరికదా, ఉన్న కాస్తా ఆగిపోయింది. "ఇంకో నాలుగు పెట్టు తమ్ముడూ, మోగడానికి దానికి సిగ్గేస్తున్నట్టుంది" అని వదిన ఎత్తిపొడిచింది. అన్న మంచి రెంచీలన్నీ తుడిచి ఒక పెట్టెలో సర్దడం మొదలుపెట్టాడు.

అలాంటి రోజున వీధి చివరి టైలరమ్మ మిషన్ తల చంకన పెట్టుకుని వచ్చి, ఆయాసం తీరకుండానే తగులుకుంది.

"ఏమ్మా నూనెబుడ్డీ, గూడు కట్టే పేజీ ఏం చేశావు? అది చూసే కదా నేను సర్దుకునేది. ఇప్పుడు నొక్కితే పేజీ లేదంటోంది. నా పని నువ్వొచ్చి చేస్తావా?"

నూనెబుడ్డి డబ్బా కింద పెట్టింది. వెంటనే సైటు తెరిచి చూసింది. ఆ పేజీ లేదు. తను రాసినవి ఏవీ లేవు. వాటి జాగాలో సూది చెవీ, దారం రంగులూ ఉన్నాయి. ఆ క్షణాన ఆమెకు వదిన తమ్ముడి మీద కంటే తన మీదే నవ్వొచ్చింది. గూడు కింద కనబడితే తప్పు పైన వెతకమని ఊరందరికీ చెప్పిన మనిషి, తన దాకా వచ్చేసరికి బాబిన్‌నే పట్టుకు లాగుతోంది.

సాయంత్రం అతను రాగానే బల్ల దగ్గరికి పిలిచింది. అతను ముందు ఒప్పుకోలేదు. పాతవి తీస్తేనే కదా కొత్తవి కనబడేది అన్నాడు. ఆమె గొంతు పెంచలేదు.

"ఫ్యాక్టరీ మిషన్‌కి రోజూ నూనె పోస్తారు, ఎందుకంటే అది రోజంతా పరిగెడుతుంది. ఇంట్లో మిషన్‌కి అలా పోస్తే ఏమవుతుంది?"

"కుట్టే గుడ్డంతా నూనె మరకలవుతుంది."

"మరి? ఎంత నడకకు అంత నూనె. నీ ధరలు రోజూ మారతాయి, నువ్వు రోజూ మార్చాలి. దారం ఎక్కించే దారి రోజూ మారుతుందా? మారినప్పుడు దిద్దాలి. అంతేగానీ పారెయ్యకూడదు."

"అయితే నాదంతా తప్పేనా?"

"సగం. ఆ పేజీ రాసి ఏళ్ళయింది. బాబిన్ పైనుంచి పడేసే మిషన్లు ఇప్పుడు ఇంటింటికీ వచ్చాయి. వాటి ఊసే అందులో లేదు. అద్దాల తలుపులవాళ్ళు రాశారు. ముట్టుకోకుండా వదిలేసిన తప్పు నాదే."

తీసేసిన పేజీలు సైటు చెత్తబుట్టలో ఇంకా ఉన్నాయి. వదిన తమ్ముడు తానే వాటిని వెతికి బయటికి తీశాడు. తన వ్యాసాలు తానే తీసేశాడు, సూది చెవి దగ్గర మాత్రం కాస్త తటపటాయించాడు. గూడు పేజీని నూనెబుడ్డి అలాగే వెనక్కి పెట్టెయ్యలేదు. అన్న చేత కొత్తరకం మిషన్ ఒకటి బల్లమీదికి ఎక్కించింది. కావాలనే దారం తప్పుగా ఎక్కించి కుట్టింది, గూడు కట్టింది. సరిగా ఎక్కించి కుట్టింది, వరస తీరింది. ఒకే ముక్క మీద రెండు వరసలూ పక్కపక్కన పెట్టి ఫొటో తీసింది. రాసిన ప్రతి వాక్యం అన్నకు చదివి వినిపించింది. "పాదం ఎత్తాకే దారం ఎక్కించాలని ముందు రాయి, జనం అక్కడే తప్పుతారు" అని అతను రెంచీల పెట్టె మీద కూర్చునే దిద్దించాడు. పేజీ పాత చిరునామాలోనే మళ్ళీ నిలబెట్టింది. చిరునామా మారిస్తే టైలరమ్మ లాంటివాళ్ళు దారి తప్పుతారు.

రెండు రోజుల్లో ఏదీ జరగలేదు. జరుగుతుందని ఆమె చెప్పనూ లేదు. వదిన అడిగినప్పుడల్లా, నూనె పోసిన వెంటనే మిషన్ పాడదు, తిరిగి తిరిగి ఇంకాలి అనేది. ఆ మధ్యలో ఊరికే కూర్చోక మిగతా పేజీలు ఒక్కొక్కటే విప్పి చూసింది. కాలం చెల్లినది దిద్దింది, చెల్లనిదాన్ని ముట్టుకోలేదు. తేదీ మార్చి కొత్తదనిపించే పని అసలే చెయ్యలేదు. ముందు ఒకరో ఇద్దరో ఫోన్ చేశారు. తరవాత పైనుంచి బాబిన్ వేసే మిషన్లు గుమ్మంలోకి రావడం మొదలైంది, ఇదివరకు ఆ కొట్టు మొహం చూడని మిషన్లు. సెర్చ్‌లో అద్దాల తలుపుల పక్కనే తమ పేరు వచ్చింది, కొన్నాళ్ళకు ఒక మెట్టు పైకి కూడా ఎక్కింది.

సూపర్‌వైజరు ఫోన్ చేసిన వేళకు అన్న రెండు చేతులూ గ్రీజులో ఉన్నాయి. వదిన ఫోన్ అతని చెవి దగ్గర పట్టుకుంది. నూనెబుడ్డి తల ఎత్తలేదు గానీ చేతిలో స్క్రూడ్రైవరు ఆగింది.

"మీ మిషన్లు మొరాయిస్తే ఇక్కడికి పంపండి సార్, చూస్తాను. నేను మాత్రం రావడం కుదరదు. ఇక్కడ బల్ల ఖాళీ లేదు" అన్నాడు అన్న.

స్క్రూడ్రైవరు మళ్ళీ తిరిగింది. ఆ సాయంత్రం రెంచీలు పెట్టెలోంచి గోడ మేకులకు ఎక్కాయి. నూనెబుడ్డి ఆఖరి మిషన్ పాదం కింద గుడ్డముక్క దూర్చి వరస కుట్టింది. వదిన కౌంటరు తుడుస్తూ ఆమె వైపు చూసింది.

"ఏమిటి నూనెబుడ్డీ, వారం అయింది, సైటులో ఏమీ పెట్టలేదు?"

"వారంలో కొత్త జబ్బేదీ రాలేదు వదినా. అన్నీ రాసినవే" అంది ఆమె, ముక్కను తిప్పి వెనక కుట్టు చూసుకుంటూ.