పేడనీళ్ళు తియ్యనన్న భాను

అరకు లోయలో ఆశ్రమ పాఠశాల హాస్టల్లో చదివే రోజుల నుంచీ భానుకి ఒక జబ్బు ఉంది. ఎవరైనా "అది తియ్యి" అంటే చాలు, దాని మీద ఎక్కడలేని ప్రేమ పుట్టుకొచ్చేది. జడలో అడవి పూలు తియ్యమని వార్డెన్ అంటే, మర్నాడు రెండో జడలో కూడా పెట్టుకుని వెళ్ళింది. మనిషి చూస్తే మిరియాల తీగంత సన్నం. పట్టు కూడా ఆ తీగదే, చెట్టును వదలదు.

అలాంటి పిల్ల 2006లో విశాఖపట్నంలో ఎం.సి.ఎ. ఆఖరి ఏడు చదువుతూ ఒక వీడియో గేముల కంపెనీలో ఇంటర్న్‌గా చేరింది. చివరి ఆరు నెలలూ ఏదో ఒక కంపెనీలో పనిచేసి, అక్కడి సర్టిఫికెట్ తెస్తేనే కాలేజీ డిగ్రీ ఇస్తుంది. జీతం లేదు. కుర్చీ ఉంది గానీ దానికి ఒక చెయ్యి లేదు.

ఆ కంపెనీ సెల్‌ఫోన్లలో బటన్లు నొక్కుతూ ఆడే వేట ఆట తయారుచేస్తోంది. విల్లు పట్టుకున్న వేటగాడు అడవిలో పరిగెడతాడు, అడవిపందిని కొడతాడు. కొట్టేలోగా టైమైపోతే ఓడిపోయినట్టు. టీం లీడర్ వినయ్ మెత్తని మనిషి. కొత్తవాళ్ళకి అప్పజెప్పే చిల్లర పని భానుకి ఇచ్చాడు.

"ఓడిపోయాక తెర మీద ఏం కనిపించాలో ఆ ముక్క నువ్వు రాయమ్మా."

ఆయన ఉద్దేశం 'గేమ్ ఓవర్' అన్న రెండు మాటలు మెరవాలని. భానుకి ఆ మాటలు తట్టనే లేదు. వాళ్ళ కొండ మీద చైత్రంలో ఇటుకల పండగ వస్తుంది. మగవాళ్ళంతా వేటకు పోతారు. ఏమీ కొట్టకుండా తిరిగొచ్చినవాణ్ణి ఆడవాళ్ళు దారిలో ఆపి, నానా మాటలూ అని, పేడనీళ్ళు కుమ్మరిస్తారు. మొగుడనీ మరిదనీ చూడరు. ఓడిపోయిన వేటగాడికి ఏమవుతుందో భానుకి చిన్నప్పుడే తెలుసు కాబట్టి అదే రాసింది. బొమ్మలు గీసే ప్రసన్నని పక్కన కూర్చోబెట్టుకుని, ముక్కుకి మూడు పుడకలున్న ముసలమ్మని గీయించింది. ముసలమ్మ బాల్చీతో వస్తుంది. ఒక్క విసురు, తెరంతా పేడ! బటన్లు నొక్కి తుడుచుకుంటేనే మళ్ళీ ఆట.

ఆ ముసలమ్మ భాను మామ్మ సోములమ్మే. ఆవిడ విసురు గురి తప్పడం ఊళ్ళో ఎవరూ చూడలేదు.

శుక్రవారం యజమాని వచ్చి ఆడాడు. పంది దొరకలేదు. ముసలమ్మ వచ్చింది. ఆఫీసంతా నోటికి చేతులు అడ్డం పెట్టుకుంది.

"డబ్బు పెట్టి కొన్నవాడి మొహాన పేడ కొడతామా? ఎవరిదీ తెలివి?"

"నాదేనండి," అంది భాను.

"తీసెయ్. ఓడినా గెలిచినా ఆడవాళ్ళొచ్చి థింసా ఆడి దండ వేసేలా పెట్టు. మీ అరకు డాన్సే కదా, చూడ్డానికి బావుంటుంది."

"ఒట్టి చేతుల్తో వచ్చినోడికి మా ఊళ్ళో ఎవరూ థింసా ఆడరండి."

"ఇది మీ ఊరు కాదు, ఆట. సోమవారానికి తీస్తే సర్టిఫికెట్టూ ఉద్యోగమూ రెండూ ఇస్తాను. తీయకపోతే రెండూ లేవు."

ఆయన వెళ్ళాక వినయ్ గొంతు తగ్గించి, "అయిదు నిమిషాల పనమ్మా. డిగ్రీ పోగొట్టుకుంటావా?" అన్నాడు. భాను కంప్యూటర్ ఆపేసి లేచింది. మర్నాడు రైలెక్కి అరకు, అక్కణ్ణుంచి జీపులో ఇల్లు చేరింది.

సోములమ్మ గుమ్మంలో కూర్చుని రాగులు చెరుగుతోంది.

"ఏటే గుంటా, మొకం అలా ఏలాడేసినావు? ఎవుడేటన్నాడు?"

భాను చెప్పింది. ఫోన్లో ఆట అంటే ఏమిటో చెప్పేసరికే సగం రాగులు చెరగడం అయిపోయింది.

"అయితే నన్ను ఫోన్లో ఎట్టినావు!"

"పెట్టాను."

"ఆ బాబు నిజంగా ఓడిపోనాడా?"

"ఓడిపోయాడు."

"మరి ఆడికి కోపమేటి? మీ తాతకి ఎన్నిసార్లు కొట్నాను! తానం సేసి, నన్ను తిట్టుకుంటా మళ్ళీ అడివికెలిపోయీవోడు. దండేత్తే ఎల్తాడా? అరుగు మీద తొంగుంటాడు."

"డిగ్రీ రాదు మామ్మా."

చేట ఆగింది. ముసలమ్మ మొహంలో నవ్వు పోయింది.

"అయితే తీసీయే. ఫోన్లో లేపోతే నేను బతకనా?"

"నువ్వు కూడా అదే మాటా? తియ్యను."

"ఓసి మొండి గుంటా," అంది సోములమ్మ. తిట్టో మురిపెమో ఆవిడకే తెలియాలి.

సోమవారం యజమాని అడిగాడు. "తీశావా?"

"లేదండి. ఇంకోటి కలిపాను."

ఇప్పుడు పేడ తుడుచుకోగానే ముసలమ్మ వేటగాడి భుజం పట్టి వెనక్కి తిప్పి, అడవిలోకి ఒక్క తోపు తోస్తుంది. ఆపుదామా, ఆడదామా అని అడగదు. యజమాని అది చూడనైనా చూడలేదు.

"నీ బ్యాగు తీసుకో. వినయ్, నువ్వు తీసెయ్."

వినయ్ తెర వంక చూశాడు. కళ్ళజోడు తీసి చొక్కా అంచుతో చాలాసేపు తుడిచాడు.

"ఆ కోడ్ నాకు అర్థం కావట్లేదు సార్."

యజమాని ఆయన్నీ భానునీ మార్చి మార్చి చూశాడు. తీసేవాడు రేపో ఎల్లుండో దొరుకుతాడని భానుకి తెలుసు. దొరకనీ. తన చేత్తో మాత్రం కాదు.

కిందికి దిగి, చివరి మెట్టు మీద కూర్చుని వెక్కి వెక్కి ఏడ్చింది. ఆ సంగతి ఇంట్లో ఎవరికీ తెలియదని ఇప్పటికీ అనుకుంటుంది. తర్వాత చున్నీతో మొహం తుడుచుకుని, రోడ్డు దాటి, ఎదురు మేడ మీద కంప్యూటర్ కంపెనీ బోర్డు కనిపిస్తే మెట్లెక్కింది.

"ఎవరు కావాలి?" అంది బల్ల దగ్గరి అమ్మాయి.

"పని కావాలి. ఇంటర్న్‌గా."

"ఇంతకుముందు ఎక్కడైనా చేశారా?"

"ఎదురు మేడలో. వెళ్ళగొట్టారు."

"ఎందుకు?"

"కూర్చుని చెప్పాలి," అని భాను కుర్చీ లాక్కుంది.