మందపు గ్లాసు, బరువైన నక్షత్రం

మా క్యాంటీన్‌లో సగం గ్లాసు చాయ్ పోసి, నిండు గ్లాసని మమ్మల్ని నమ్మించారు. ఇన్నేళ్లయినా నేను దాన్ని మోసమనే అంటాను.

తొంభైలలో బొల్లారంలోని ఒక మందుల ఫ్యాక్టరీలో బాయిలర్ దగ్గర పనిచేసేవాణ్ణి. షిఫ్టు మధ్యలో ఒక్కసారే చాయ్. గొంతులో పట్టుకున్న మందుల ఘాటు దిగాలంటే అదే దిక్కు. ఒక ఎండాకాలం క్యాంటీన్ సేటు పల్చటి గాజు గ్లాసులు తీసేసి, అదే ఎత్తు, అదే వెడల్పు ఉన్న మందపు గ్లాసులు తెచ్చాడు. ఇవైతే పగలవట! పక్కనుంచి చూస్తే చాయ్ ఈ అంచునుంచి ఆ అంచుదాకా నిండుగా కనిపిస్తుంది. నోట్లో పోసుకుంటే గొంతు తడిసేలోపే అయిపోతుంది.

"చాయ్ తగ్గింది సేటూ" అన్నాను.

"కండ్లు కనబడ్తలేవా అన్నా? అంచుదాంక పోసిన గదా!"

మావాళ్లు గ్లాసు చూసి సేటుకే తల ఊపారు. పైగా, "బాయిలర్ కాడ అన్నకు దూప ఎక్కువైంది" అని నా దాహం మీద నవ్వు.

నేను ఏడో తరగతితో బడి మానేసినవాణ్ణి. పటాన్‌చెరులో పాత పేపర్ల కొట్టునుంచి సైన్సు పత్రికలు ఏరుకొచ్చి చదివేవాణ్ణి. ఆ వారం దొరికిన వ్యాసం నక్షత్రాల గురించి. బాగా బరువుండి, చిన్నగా కుదించుకుపోయిన నక్షత్రం తన అంచునుంచి బయల్దేరిన వెలుగును తనవైపు లాగి వంచుతుందట. వంగి వచ్చిన ఆ వెలుగు తిన్నగానే వచ్చిందని మన కన్ను అనుకుంటుంది. అందుకే అంచు ఉన్నచోట కాక ఇంకా అవతల ఉన్నట్టు తోస్తుంది. నక్షత్రం అసలుకన్నా లావుగా కనిపిస్తుంది. మన సూర్యుడి విషయంలో ఇది లెక్కలోకి రానంత తక్కువ.

చదువుతున్నవాణ్ణి లేచి నిలబడ్డాను. మా చాయ్ కథ ఇదే! అక్కడ బరువు వెలుగును వంచుతోంది, ఇక్కడ మందపు గాజు వంచుతోంది. లోపలెక్కడో ఉన్న చాయ్ అంచు గ్లాసు బయటి అంచుదాకా జరిగినట్టు కనిపిస్తోంది.

మర్నాడు క్యాంటీన్‌లో ఇదంతా విడమరిచి చెప్పాను. మా ఫిట్టర్ శ్రద్ధగా విని అడిగాడు: "అంటే చుక్కల కాడ గూడ మన సేటే కాంట్రాక్ట్ తీసుకున్నడా అన్నా?"

ఆరోజునుంచి నా పేరు చుక్కలన్న. అయినా మానలేదు. చాయ్ గంట కొట్టినప్పుడల్లా నక్షత్రంతోనే మొదలుపెట్టేవాణ్ణి. చివరికి విసిగిపోయిన ఫిట్టరే ఇంటినుంచి ఒక పాత పల్చటి గ్లాసు తెచ్చాడు. క్యాంటీన్ గ్లాసు అతనింటికి ఎలా పోయిందో ఎవరూ అడగలేదు. మందపు గ్లాసులోని చాయ్ మొత్తం అందులో ఒంపాడు. సగం దగ్గర ఆగిపోయింది.

"గింతే గదా అన్నా! గీ దానికి ఆకాశం దాంక ఎందుకు పోయినవ్?"

చప్పట్లు మోగాయి. అతనికి! చాయ్ ఎంత తగ్గిందో అతను చూపించాడు, ఒప్పుకుంటాను. మరి ఇంతమంది కళ్లు ఎందుకు మోసపోయాయో చెప్పింది ఎవరు? దానికి ఒక్కడూ చప్పట్లు కొట్టలేదు.

అందరూ సేటు మీదికి లేచారు. సేటు మాత్రం కంగారు పడలేదు. రెండు గ్లాసుల్నీ వెలుతురుకు పట్టి చూశాడు. భుజం మీది తువ్వాలతో చేతులు తుడుచుకుని, నా ఒక్కడి వైపే తిరిగి అన్నాడు:

"నువ్వు చెప్పిందే కరెక్ట్ అన్నా, గీ గాజు గ్లాసుల చాయ్ లావుగ కనబడ్తది. రేపటికెల్లి స్టీల్ గ్లాసులు తెస్త. పక్కకు స్టీలు, మీద నురుగు. ఇగ వెలుగు వంగేది లేదు, నీకు పరేషాన్ లేదు."